కెటూరా తెంచిన కట్ట

టర్కీ వాగు చుట్టుపక్కల ఎవరినైనా అడగండి, గాడిస్ మిల్లు కట్ట తెంచిందెవరని. "ఇంకెవరు, సెనేటర్ పర్డీ గారు!" అంటారు. నిన్నగాక మొన్న ఒహాయో నుంచి దిగినవాడు కూడా, బండి మీద సామాను దించకముందే ఆ కథ మొదలెడతాడు. అబద్ధం. పచ్చి అబద్ధం. ఆ కట్ట తెంచింది ఆయన భార్య కెటూరా. వినేవాళ్లు వినండి. మనసొప్పనివాళ్లు లేచి వెళ్లండి, లిన్‌విల్ కోర్టు గోడకు ఆయన పటం వేలాడుతోంది, దానికో నమస్కారం పెట్టుకుని ఇళ్లకు పొండి.

కెటూరా పుట్టింది కెంటకీ కొండల్లో. పన్నెండేళ్లప్పుడు తండ్రి ఎద్దుల బండి కట్టి ఇల్లినాయ్ మైదానాలకు వలస తెచ్చాడు. బండిలో ఆమె కూర్చోవలసిన చోట నాగలి పెట్టాడు, అందుకని సగం దారి ఆమె నడిచే వచ్చింది. ఆ కోపం ముసలితనం దాకా చల్లారలేదు. "నాగలికేమైనా కాళ్లు నొప్పెడతాయా?" అనేది. చెయ్యి గట్టిది, నోరు అంతకంటే గట్టిది. పదిహేనో ఏటికే ఎకరం బీడు ఒంటిచేత్తో తిరగేసింది.

పద్దెనిమిదేళ్లకు ఆన్సెల్ పర్డీని పెళ్లి చేసుకుంది. ఆన్సెల్ పీపాలు చేసేవాడు. ఓక్ చెక్కలు వంచి ఆయన కట్టు బిగించాడంటే లోపలి నీళ్లు చుక్క బయటికి రావు. ఆరడుగుల పైచిలుకు మనిషి, రోకళ్లలాంటి చేతులు. అంత మనిషికీ నోట్లో నాలుక లేదు. దారికి కోడిపెట్ట అడ్డొస్తే "క్షమించాలి తల్లీ" అని పక్కకు తప్పుకునే రకం. కెటూరా పుట్టింట్లో పొద్దున లేస్తే తండ్రి అరుపులే. అందుకని ఈ మర్యాద చూసి మొదట్లో మురిసిపోయింది. ఆ మర్యాదే తన కొంప ముంచుతుందని అప్పుడు ఆమెకేం తెలుసు?

వాగు మీద పిండిమిల్లు కర్నల్ బార్టన్ గాడిస్‌ది. ఏ యుద్ధంలో కర్నలో దేవుడికే తెలియాలి. ఏడాదికోసారి ఊరి మగాళ్లను మైదానంలో నిలబెట్టి, తుపాకులు చాలక మొక్కజొన్న కర్రలు భుజాన పెట్టించి కవాతు చేయించేవాడు. అదీ ఆయన కర్నల్‌తనం. వేసవిలో వాగు సన్నబడి మిల్లు చక్రం ఆగిపోతోందని, ఒక ఏడు ఆయన కట్ట మీద ఇంకో నాలుగడుగులు లేపాడు. నీళ్లు వెనక్కి తన్నాయి. పల్లపు చేలన్నీ మురుగుగుంట అయ్యాయి. చచ్చిన చెట్లు నీళ్లలో నిలబడే కుళ్లిపోయాయి. ఆ వేసవిలోనే ఊళ్లో చలిజ్వరం పడింది. రోజు విడిచి రోజు పళ్లు టకటకలాడే వణుకు, ఆ వెంటనే ఒళ్లు కాలిపోయే వేడి. మురుగు మీంచి వచ్చే చెడుగాలి అన్నాడు డాక్టరు, ఏదో చేదు పొడి ఇచ్చి వెళ్లాడు. కర్నల్ ఇల్లు మిట్ట మీద ఉంది. ఆ గాలి అక్కడిదాకా ఎక్కలేదు.

మొదట నాలుగేళ్ల జోయెల్ పోయాడు. మరుసటి సెప్టెంబరులో ఏడేళ్ల ఏమస్. రెండు పెట్టెలూ ఆన్సెలే చేశాడు, మిల్లు పీపాల కోసం ఆరబెట్టుకున్న ఓక్ చెక్కలతో. ఏమస్‌ని పూడ్చిన రోజు కర్నల్ గుర్రం దిగి, టోపీ తీసి వచ్చాడు. ఆన్సెల్ ఎదురెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని, "శ్రమపడి వచ్చారు, సంతోషం" అన్నాడు. సంతోషమట! కెటూరాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ చేతిని అక్కడికక్కడే నరికి గోతిలో వెయ్యాలనిపించింది. ఎవరి చేతినో ఆమెకే తెలియలేదు.

ఇక మిగిలింది లవీనా. ఆరేళ్ల పిల్ల. ఆ మురుగు పోతే పిల్ల ఉంటుంది, పోకపోతే పిల్ల పోతుంది. కెటూరాకు లోకంలో ఇంకే లెక్కా లేకుండా పోయింది.

"ఏమయ్యా, చట్టాలు చేసేది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కదా?" అంది ఒకరోజు, ఆన్సెల్ పీపాకు కట్టు దిగగొడుతుంటే.

"అవును."

"మన జిల్లా నుంచి అక్కడికి ఎవడో ఒకడు పోతాడు కదా? ఆ పోయేవాడివి నువ్వెందుకు కాకూడదు?"

సుత్తి ఆగింది. "నేనా? నాకు మాట్లాడ్డం ఎక్కడొచ్చే?"

"నేను నేర్పుతా."

"ఈసారి కర్నల్ గారే నిలబడుతున్నారట. మన పీపాలన్నీ కొనేది ఆయనే..."

"పిల్లల పెట్టెలు కూడా ఆయన పుణ్యాన్నే చేశావుగా. వాటికేం ఇచ్చాడు?"

ఆన్సెల్ సుత్తి కింద పెట్టాడు. "సరే, నిలబడతాను" అన్నాడు.

ఆ వేసవంతా పీపాల షెడ్డే బడి. ఖాళీ పీపాలను వరసగా పేర్చి, వాటినే జనం అనుకుని మాట్లాడమనేది. "గొంతు పెంచు! క్షమాపణ అడుగుతున్నట్టుంది కానీ ఓటు అడుగుతున్నట్టు లేదు!" అని గదమాయించేది. పక్క పొలం హెప్సీ టల్, భర్త పోయిన ఆవిడ, కంచె మీంచి చూసి పకపకా నవ్వేది. "ఏమే కెటూరా, పీపాలన్నీ మీ ఆయనకే ఓటేస్తాయా?" "వేస్తాయిలే. నీకూ నాకూ ఓటు లేదు కానీ, వాటికి ఇచ్చినా ఇస్తారు ఈ మగాళ్లు" అనేది కెటూరా. జూలై దాటేసరికి ఆన్సెల్‌కు మాట వచ్చింది. మొద్దు మీద నిలబడి, తన ఇద్దరు కొడుకుల పేర్లూ చెప్పి ఊరుకుంటే చాలు, పల్లపు జనం ముక్కులు చీదుకునేవాళ్లు.

ఆగస్టు మొదటి సోమవారం ఎన్నిక. కొత్తగా ఏర్పడ్డ చిన్న జిల్లా, ఓటు వేసే చోటు లిన్‌విల్ కోర్టు ఒక్కటే. చీట్లూ పెట్టెలూ అప్పటికింకా లేవు. కిటికీ దగ్గర బల్ల వేసుకుని గుమస్తా కూర్చుంటాడు. ఓటరు వచ్చి, తన ఓటు ఎవరికో ఊరంతా వినేట్టు నోటితో చెప్పాలి. పోటీ చేసే ఇద్దరూ పక్కనే బెంచీ మీద కూర్చుంటారు. ఎవరి పేరు పలికితే వాళ్లు లేచి వంగి "మీ దయ" అంటారు. ఇంకో ఆచారం కూడా ఉంది. పోటీకి నిలబడ్డ పెద్దమనుషులు ఎవరి పేరు వాళ్లు చెప్పుకోరు, ఎదుటివాడి పేరు చెప్తారు. తన ఓటు తనే వేసుకోవడం పెద్దమనిషి లక్షణం కాదట. ఇద్దరూ మార్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. మార్చుకుంటే!

పొద్దున బండి కడుతూ కెటూరా మరీమరీ చెప్పింది. "ఇవాళ ఒక్క రోజు ఆ మర్యాద ఇంట్లో వదిలేసి రా. నీ పేరు నువ్వు చెప్పుకో. ఎవడేమనుకుంటే మనకేం."

"అలాగేలే" అన్నాడు ఆన్సెల్.

ఏం అలాగే? జనం ముందు నిలబడేసరికి ఆ మర్యాదే మళ్లీ పైకొచ్చింది. టోపీ తీసి, గొంతు సవరించుకుని, కెటూరా నేర్పిన ఆ గొంతుతోనే ఖణేల్‌మనిపించాడు: "కర్నల్ బార్టన్ గాడిస్!" చప్పట్లు కొట్టారందరూ. కర్నల్ లేచి కావలించుకున్నాడు. "పర్డీ, నువ్వు అసలైన పెద్దమనిషివయ్యా! నా వంతు సాయంత్రం వేస్తాలే, తొందరేముంది" అన్నాడు. వీధి అవతల, ఆడవాళ్లకు హద్దు గీసినచోట బండి పక్కన నిలబడ్డ కెటూరా కళ్లు మూసుకుంది.

సాయంత్రం అయ్యేసరికి గుమస్తా కాగితంలో ఇద్దరికీ రెండువందల పదమూడు చొప్పున ఉన్నాయి. మిగిలిన ఓటు ఒక్కటే, కర్నల్‌ది. ఆయన తీరిగ్గా లేచి బల్ల దగ్గరికెళ్లి, గుమస్తా భుజం మీంచి కాగితం చూశాడు. రెండుసార్లు చూశాడు. "పరిస్థితి ఇలా వచ్చింది కాబట్టి, జిల్లా మేలు కోరి" అని నసిగి, "బార్టన్ గాడిస్" అన్నాడు. తన పేరు తనే చెప్పుకుని, తనకు తనే వంగి దండం కూడా పెట్టుకున్నాడు, అలవాటు కొద్దీ. సిగ్గులేని మనిషి.

పొద్దున ఆన్సెల్ తన పేరు తాను చెప్పుకుని ఉంటే ఒక్క ఓటుతో గెలిచేవాడు. సాయంత్రం కర్నల్ ఆచారం పాటించినా ఒక్క ఓటుతో గెలిచేవాడు.

కెటూరా ఇంటికొచ్చి ఎద్దులను విప్పాక మొదలెట్టింది.

"మొహమాటానికి పోతే కడుపైందట! నీలాంటివాణ్ని చూసే అన్నారయ్యా ఆ మాట!"

"పదిమందిలో మాటిచ్చిన మనిషి తప్పుతాడని నేనెలా అనుకుంటానే?"

"ఇద్దరు పిల్లల్ని మింగినవాడు ఒక ఓటు మింగడా?"

ఆన్సెల్ తల వంచుకుని షెడ్డులోకి పోయాడు. ఆయన వెనకే వెళ్లి ఇంకో గంట తిట్టింది. తిట్టీ తిట్టీ గొంతు పోయింది కానీ కోపం పోలేదు.

సెప్టెంబరు మూడోవారంలో లవీనాకు వణుకు పట్టుకుంది. మొదట రోజు విడిచి రోజు, తర్వాత ప్రతిరోజూ. చేదు పొడి వాంతైపోయేది. ఏమస్‌కూ ఇలాగే అయింది. ఏమస్ పదకొండు రోజులున్నాడు. కెటూరా రోజులు లెక్కపెట్టింది. తొమ్మిదో రోజు ఆదివారం పడింది. అంతకు ముందు నాలుగు రోజులు ఒకటే వాన, వాగు నిండుగా పొంగి కట్ట అంచు దాకా వచ్చింది. ఆ ఆదివారం ఊరూ వాడా అంతా, కర్నల్ ఇంటివాళ్లతో సహా, నాలుగు మైళ్ల అవతల అడవిలో గుడారాలు వేసిన ప్రార్థన సభకు పోయారు.

కెటూరా టోపీ పెట్టుకుని, షెడ్డులోంచి గడ్డపలుగు తీసి భుజాన వేసుకుంది.

పిల్ల మంచం పక్కనున్న ఆన్సెల్ లేచాడు. "ఎక్కడికే?"

"ఓటెయ్యడానికి."

ఆయనకు అర్థమైంది. మొహం పాలిపోయింది. "నేనొస్తా, ఆగు."

"నువ్వొస్తే కట్టను కూడా క్షమించమంటావు. పిల్లను చూసుకో. గుడ్డ తడి ఆరనివ్వకు."

కట్ట ఎలా తెంచాలో ఆమెకు వారం నుంచీ తెలుసు. బట్టలుతికే నెపంతో రోజూ వెళ్లి చూసింది. నడిమధ్య అంతా దుంగలూ రాళ్లూ, ఏనుగునైనా ఆపుతుంది. పడమటి అంచున మాత్రం, కట్ట ఒడ్డును తాకేచోట, ఉత్త మట్టి. నీటెలుకలు దానికి బొరియలు కూడా పెట్టాయి. నడుం లోతు నీళ్లలోకి దిగి అక్కడ గడ్డపలుగు వేసింది. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. ఒక్కో పోటుకీ కర్నల్‌ను ఒక తిట్టు తిట్టింది. తిట్లు అయిపోతే మొగుణ్ని తిట్టింది, తర్వాత ఆ ఓటు రాసుకున్న గుమస్తాను, తర్వాత బండిలో నాగలి పెట్టిన తండ్రిని కూడా వదల్లేదు. జానెడు గాడి పడింది. అందులోంచి నీళ్లు సన్నగా అవతలికి జారాయి. మూరెడయింది. ఇంక పలుగు పని లేకపోయింది. మట్టి దానంతటదే పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంటే కెటూరా చెట్టు వేళ్లు పట్టుకుని పాకి ఒడ్డెక్కింది. గడ్డపలుగు నీళ్లపాలైంది. కాసేపటికి పది అడుగులు, తర్వాత ఇరవై అడుగులు, తర్వాత దుంగలు సహా కట్ట మొత్తం మూలుగుతూ పక్కకు ఒరిగింది. మిల్లు చక్రం గిరగిరా రెండు చుట్లు తిరిగి ఇరుసు ఊడి పడింది.

"చావు" అంది కెటూరా, కట్టతో.

సాయంత్రానికి మురుగంతా దిగిపోయి బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. ఆమె ఇంటికొచ్చేసరికి ఆన్సెల్ అదే చోట అలాగే కూర్చుని ఉన్నాడు, పిల్ల అరికాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ. అన్నం తినలేదు, లేవలేదు. "చెమట పట్టిందే" అన్నాడు, కళ్లలో నీళ్లతో. జ్వరం దిగుతోంది. ఆ క్షణంలో కెటూరాకు ఆ మనిషి మీద కోపం పూర్తిగా పోయిందనే చెప్పాలి. ఆ ఒక్క పూటకే లెండి.

మర్నాడు పొద్దున, నేరాలు పట్టే జిల్లా అధికారి షరీఫ్ వచ్చాడు. సభకు పోకుండా ఇంట్లో మిగిలిన కర్నల్ వంటమనిషి కిటికీలోంచి చూసిందట. నీలం గౌను, తెల్ల టోపీ, కట్ట మీద. "ఆడమనిషి" అని ప్రమాణం చేసి చెప్పిందట. లిన్‌విల్ వైపు ఆ ఒడ్డున నీలం గౌను ఎవరికుందో షరీఫ్‌కు తెలుసు. అది అప్పటికి ఆ పెరట్లో తీగ మీద ఆరుతోంది కూడా.

కెటూరా నోరు తెరిచింది. ఆమెకంటే ముందు ఆన్సెల్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"అది నేనేనండి. మా ఆవిడ గౌను తొడుక్కున్నాను, ఎవరూ గుర్తుపట్టకుండా."

షరీఫ్ ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత తీగ మీది గౌనును చూశాడు. "ఇంత మనిషివి అందులో ఎలా పట్టావయ్యా?"

"ఊపిరి బిగబట్టానండి."

షరీఫ్ ఇల్లూ పల్లంలోనే. ఆయనకూ ఆ వేసవి వణుకు వచ్చి పోయింది. నవ్వాపుకుంటూ, "సరే పద" అన్నాడు. కెటూరా ముందుకు దూకబోతే ఆన్సెల్ చెవిలో గొణిగాడు: "నువ్వు జైలుకు పోతే పిల్ల ఎవరి చేతి గంజి తాగుతుంది? నోరు మూసుకో." పెళ్లయిన పదేళ్లలో ఆమెతో ఆ మాట అనడం అదే మొదలు. పిల్ల మొహం చూసి కెటూరా నోరు మూసుకుంది.

అక్టోబరులో జడ్జీ గారు గుర్రం మీద జిల్లాకు వచ్చినప్పుడు విచారణ జరిగింది. కోర్టు కిటకిటలాడింది. ఆన్సెల్ నేరం ఒప్పుకుని గౌను సంగతి చెప్పేసరికి కోర్టు పైకప్పు ఎగిరిపోయినంత పని అయింది. జ్యూరీలో పన్నెండు మందికి ఏడుగురు జ్వరం మంచం దిగొచ్చినవాళ్లే, పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పటికి లవీనా లేచి తిరుగుతోంది. ఇక భయం లేదు. కెటూరా లేచి నిలబడింది.

"జడ్జీ గారూ, ఆయన అబద్ధం చెప్తున్నాడు. ఆయన ఇంట్లో పిల్ల దగ్గర కూర్చున్నాడు. కట్ట తెంచింది నేను. ఎక్కడ తెంచానో, ఎలా తెంచానో చెప్తా వినండి."

"అమ్మా, భర్త మీద నడిచే కేసులో భార్య మాట వినడానికి చట్టం ఒప్పదు. కూర్చోండి."

"మరి నేను చేసిన పనికి ఎవరి మాట వింటారు?"

"మీ ఆయన మాట" అన్నాడు జడ్జీ. మళ్లీ నవ్వులు. జ్యూరీ ఆన్సెల్‌కు ఒక్క సెంటు జరిమానా వేసింది. ఆ సెంటు కూడా షరీఫే కట్టాడు.

ఇంటికి పోతూ బండిలో కెటూరా అంది: "ఆగస్టులో నీది నువ్వు తీసుకోమంటే ఎదుటివాడికి ఇచ్చేశావు. ఇప్పుడు నాది నువ్వు తీసుకున్నావు. అదేం లెక్కయ్యా?"

"నీకోసమే కదే చేశాను."

"తెలుసు. అందుకే ఇంకా మండుతోంది."

కర్నల్ మళ్లీ కట్ట వేద్దామంటే పనికి ఒక్క మనిషి రాలేదు. తర్వాతి ఎన్నికలో ఆన్సెల్ గెలుపు చూడాలి! పల్లపు మగాళ్లంతా పెళ్లాల టోపీలు పెట్టుకుని, గౌన్లు తొడుక్కుని, గడ్డాలూ మీసాలూ వేలాడేసుకుని లిన్‌విల్ వీధుల్లో డప్పులతో ఊరేగారు. "గౌను పర్డీకి జై!" ఈసారి ఆయన బల్ల దగ్గర తన పేరు తనే చెప్పుకున్నాడు. ఎవరూ తప్పు పట్టలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లాడు. పొరుగువాడి చేను ముంచే కట్ట ఎవరూ లేపకూడదని చట్టం తెచ్చాడు. అది మంచి పనే, కెటూరా కూడా కాదనలేదు. పీపాల షెడ్డుకు తాళం పడింది. రెండుసార్లు శాసనసభ, తర్వాత సెనేట్. ప్రతి ఎన్నికకూ అదే ఊరేగింపు, అదే గౌన్లు. ఊళ్లో ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేని ముచ్చట అది. కెటూరా మాత్రం టోపీ పెట్టడం మానేసింది. మండుటెండలో ఉత్త తలతో తిరిగేది.

హెప్సీ ఒకసారి ఊరేగింపు చూస్తూ, "సొమ్మొకడిది, సోకొకడిది" అంది. ఆ ఇంటి బయట కెటూరా మాట నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. మరో ఏడాదికి ఆమె కూడా పోయింది.

మొదట్లో ఆన్సెల్ ఆ కథ చెప్పేటప్పుడు సిగ్గుపడేవాడు. ఓరకంట కెటూరా వైపు చూసి గబగబా ముగించేవాడు. నాలుగైదేళ్లకు చూడ్డం మానేశాడు. ఆ తర్వాత కథలో కొత్త సంగతులు చేరాయి. గౌను కాళ్లకు చుట్టుకుని మునిగిపోబోయాడట, చచ్చిన కొడుకులు పిలిచినట్టయిందట. కెటూరా మొదట్లో ఇంటికొచ్చాక దులిపేది. "నీకు మునగడానికి నీళ్లెక్కడివి, మంచం దగ్గరున్న గిన్నెలోవా?" ఆయన మర్యాదగా నవ్వేవాడు. దున్నపోతు మీద వాన.

పన్నెండేళ్లు గడిచాయి. ఆన్సెల్‌ను వాషింగ్టన్‌కు పంపాలని పార్టీ తీర్మానించింది. ఎన్నికలకు ముందు పెద్దమనుషుల జీవిత చరిత్రలు అచ్చేసి పంచే రివాజు కొద్దీ, ఆయన గురించి పుస్తకం రాయడానికి స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి ఒక పత్రికాయన వచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టారు. కెటూరా కోడి పులుసూ మొక్కజొన్న రొట్టే వడ్డిస్తోంది. పద్దెనిమిదేళ్ల లవీనా పక్కన కూర్చుంది.

"కట్ట మీద మొదటి పోటు ఎక్కడ వేశారండీ?" అన్నాడు పత్రికాయన, పెన్సిలు నాలుకకు తడి చేసుకుంటూ.

"నడిమధ్యలో. శత్రువును గుండెలోనే పొడవాలి కదా" అన్నాడు ఆన్సెల్.

కెటూరా గరిటె ఆపింది. "నడిమధ్యలో వేస్తే పలుగు వంగేది కానీ మట్టి కదిలేది కాదు. కదిలినా నీ శవం కూడా దొరికేది కాదు."

ఆన్సెల్ చిరునవ్వు నవ్వాడు, ఓపిగ్గా. "కెటూరా, నువ్వక్కడ లేవు కదా. ఆ నీళ్లెంత చల్లగా ఉన్నాయో నీకెలా తెలుస్తుంది?"

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. నటన ఏమైనా ఉందా అని వెతికింది. లేదు. ఆ మనిషి నిజంగానే అంటున్నాడు. ఇన్నేళ్ల కోపం ఒకెత్తు, ఆ క్షణం ఒకెత్తు. దొంగ మీద కోప్పడొచ్చు. తను దొంగిలించిన సంగతే మర్చిపోయినవాడిని ఏం చెయ్యాలి?

"అవునమ్మా" అంది లవీనా, తల్లిని సముదాయిస్తున్నట్టు. "నువ్వు నా దగ్గరే ఉన్నావు. నాకు బాగా గుర్తుంది. కళ్లు తెరవలేకపోయాను కానీ, రోజంతా నా అరికాళ్లు రుద్దుతూనే ఉన్నావు. ఇంతింత చేతులు, ఓక్ చెక్క పొట్టు వాసన. ఆ చేతుల వల్లే బతికాననుకుంటాను ఇప్పటికీ."

కెటూరా గిన్నె దించింది. తన రెండు చేతులూ కూతురి ముందు బల్ల మీద పెట్టింది. చిన్న చేతులు, కణుపులు ఉబ్బిన చేతులు.

"ఇవి ఇంతింత ఉన్నాయా? వీటికి ఎప్పుడైనా ఓక్ పొట్టు వాసన వచ్చిందా? అవి మీ నాన్న చేతులే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిండి లేకుండా, లేవకుండా నీ కాళ్లు పట్టుకుని కూర్చుంది ఆయన. ఈ జిల్లాలో ఇంకే మగాడు చెయ్యని పని చేశాడు ఆ రోజు. దాన్ని అమ్ముకుని నా గౌను కొనుక్కున్నాడు."

ఆన్సెల్ చెంచా గిన్నె అంచున ఆగిపోయింది. ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. మొహంలో రంగు మారింది. గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని కెటూరాకు స్పష్టంగా తెలిసింది, లవీనాకూ తెలిసింది.

పత్రికాయన ఇబ్బందిగా కదిలాడు. "సెనేటర్ గారూ, మరి ఏమని రాయమంటారు?"

ఆన్సెల్ చెంచా బల్ల మీద పెట్టాడు. తర్వాత, ఎవరి మనసూ నొప్పించకూడదన్నట్టు మెల్లగా, "నడిమధ్యలో అనే రాయండి" అన్నాడు.

కెటూరా పెరటి తలుపు తోసుకుని బయటికెళ్లి, ఎండలో మెట్టు మీద కూర్చుంది. వెనకాలే ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. లవీనా. భోజనం సగంలో వదిలేసి వచ్చింది.

"నిజంగా ఎక్కడ వేశావమ్మా మొదటి పోటు?"

"పడమటి అంచున. అక్కడ మట్టి మెత్తన. నీటెలుకల బొరియలుండేవి."

"తర్వాత?" అంది లవీనా.